ఉమ్మెత్తపూల దిబ్బ: పదకొండో భాగం – సూదిమొనంత కళ్ళు

పోయిన వారం మనం నర్సు కరుణాకుమారిని జయరామయ్య మంచం పక్కన వదిలిపెట్టాం. కొడవలూరు రైతు జయరామయ్య నాలుగు రోజులుగా నెల్లూరులో ఆ చిన్న నర్సింగ్ హోంలోనే ఉన్నాడు. ఉబ్బసానికి ఆకు పొగ పట్టించుకుందామని మైపాడు పోయిన మనిషి, అక్కడ ఇసుకదిబ్బ మీద నాగులమ్మ గుడిసెలోనే కుప్పకూలాడు. నాగులమ్మ ఉమ్మెత్త పెట్టి చంపబోయిందని ఆయన కొడుకు పెంచల్ పోలీసులకు రాసిచ్చాడు. ఇవాళో రేపో ఆమెను తీసుకుపోతారని అందరూ అంటున్నారు. ఆదివారం పొద్దున ఏడు కావస్తుండగా, ఆ పెంచలే ఫోన్ చేతిలో పట్టుకొని మెట్లెక్కి వస్తూ పెట్టిన కేకతో మన కథ ఆగింది.

"ఆపండి! ముందు ఆ సీసా ఆపండి!"

కరుణాకుమారి తల తిప్పలేదు. జయరామయ్య రొమ్ము మీద అరచెయ్యి ఆనించి వింటోంది. నోరు మరీ ఎండిపోతోందని తెల్లవారుజాము నాలుగింటికి డాక్టర్ సుప్రియ సీసాలోని మందు వేగం తగ్గించింది. అప్పటినుంచి ఆయన గుండెల్లో కుండలోంచి నీళ్ళు ఒంపుతున్నట్టు సన్నగా గుడగుడ మొదలైంది. పెదాల పక్కన తడి మెరుస్తోంది. రాత్రంతా ఎండిపోయి ఉన్న నోరు అది.

మనిషికి స్పృహ లేదు గానీ చేతులు ఊరుకోవడం లేదు. రాత్రినుంచీ అంతే. కుడిచేతి వేళ్ళతో గాలిలోంచి ఏదో విడదీసి, వంగినట్టు మెడ వంచి, దుప్పటిలో గుచ్చుతున్నాడు. మళ్ళీ విడదీసి, మళ్ళీ గుచ్చుతున్నాడు. వరినాట్లు. ఆ వరసలు ఎంత తిన్నగా పోతున్నాయో చూసి చూసి, దుప్పటి ముడత పడితే కరుణాకుమారి తనకు తెలియకుండానే సర్దుతూ వచ్చింది.

"నిన్నే సిస్టరమ్మా! వినపడలా?"

"వినపడిందన్నా. పక్క మంచాల వాళ్ళకీ వినపడింది," అంది ఆమె. "ఐసీయూ అని బోర్డు పెట్టింది కేకలు వెయ్యడానికి కాదు."

పెంచల్‌కి ముప్ఫై ఉంటాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు, వెంటనే మళ్ళీ చెమట పట్టింది. కళ్ళల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎంత అరిచినా కన్నతండ్రి గదా అనుకొంది కరుణాకుమారి. అతని వెనకాల తల్లి చెంచమ్మ వచ్చి, నాలుగు రోజులుగా కూర్చుంటున్న తలుపు మూలనే నేల మీద కూలబడింది.

"ఆ మందు పేరేంది?" అన్నాడు పెంచల్.

"అట్రోపిన్."

"అదే! మా బావమరిది ఫోన్లో వీడియో చూపించినాడు. ఉమ్మెత్తలోంచి వచ్చేది అదే. ఆ ముసల్ది పొగలో పెట్టింది, మీరు సీసాలో పెట్టి ఎక్కిస్తుండారు. మా నాయన కళ్ళు చూడు, గుడ్లగూబకి మాదిరి ఎట్టా ఉండాయో! ఆ పిచ్చి చేతలు చూడు! ఇది విషం కాక ఏంది?" నోట్లో ఊరిన నీళ్ళు గటుక్కున మింగాడు.

అబద్ధం చెబితే తేలికగా పోయేది. అదీ ఇదీ వేరు, నువ్వు చూసింది తప్పు అంటే సరిపోయేది. కానీ కరుణాకుమారి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రోగి బంధువులకు భయం తగ్గించడం కోసం చాలా అబద్ధాలు విన్నది. అవి మూడో రోజుకి వాసన కొడతాయని ఆమెకు తెలుసు.

"నువ్వు చూసింది నిజమే అన్నా. ఉమ్మెత్తలో ఉండే సరుకే ఇది," అంది. "ఆ కళ్ళు అట్టా విప్పారింది ఈ మందు వల్లనే. ఆ చేతులు నాట్లేస్తున్నదీ దీనివల్లనే. మీ నాయన ఇంకా ఊపిరి తీస్తున్నదీ దీనివల్లనే."

డాక్టర్ సుప్రియ గ్లాసు తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. రాత్రంతా నిలబడే ఉన్న కాళ్ళు, నిద్ర లేని ముఖం. చేతిలో ఫోన్ ఉంది. "సిస్టర్, ఒక నిమిషం," అని కరుణాకుమారిని పక్కకు పిలిచింది.

"పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు. పోలీసు కేసు మనకెందుకు, బంధువులు వద్దంటే సంతకం పెట్టించుకొని మందు ఆపేసి పంపించెయ్యమన్నారు."

"పంపిస్తే ఎక్కడికి పోతాడు మేడమ్?"

సుప్రియ మందు సీసా వైపు చూసింది. "ఇది ఉమ్మెత్త విషమే అయితే మనం ఇప్పుడు ఎక్కిస్తున్న ప్రతి చుక్కా తప్పే గదా సిస్టర్?"

"అవును."

"పురుగుమందు అయితే?"

"ఆపిన గంటలో ఊపిరితిత్తులు నీళ్ళతో నిండుతాయి. ఇప్పటికే మొదలైంది, మీరు చెవి పెట్టి వినండి."

పురుగుమందు ఒంట్లో చేరితే ఒళ్ళు ఊటబావి అవుతుంది. చెమట, చొంగ, కన్నీళ్ళు, ఊపిరితిత్తుల్లో నీరు, అన్నీ ఒక్కసారి ఊరుతాయి. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది. ఉమ్మెత్త దీనికి సరిగ్గా తిరగబడ్డ గుణం. నాలుక ఎండిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, కంటిపాప పైసా బిళ్ళంత అవుతుంది, మనిషి లేనివాళ్ళతో మాట్లాడతాడు. అందుకే ఒకటి ప్రాణం తీస్తుంటే రెండోది అడ్డం నిలబడగలుగుతుంది. ఇదంతా సుప్రియ చదువుకున్నదే. కానీ మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఇంటివాళ్ళు ఒకటే మాట చెప్పారు. మా ఆయన పురుగుమందు తాగలేదు, ముట్టలేదు.

"ఆయన్ని తెచ్చిన రోజు టార్చి వేసి చూసింది నేనే మేడమ్. కంటిపాప సూదిమొనంత ఉంది. అందుకే ఈ మందు మొదలుపెట్టారు."

"కేస్ షీట్లో కళ్ళ దగ్గర ఖాళీగా ఉంది."

"ఉంది. ఆ రోజు డ్యూటీ డాక్టరుకి తీరిక లేదు. నేనైనా గుర్తుచేసి రాయించాల్సింది. నా తప్పే." ఆమె గొంతు తగ్గించలేదు. "ఖాళీగా ఉన్నంత మాత్రాన నేను చూసింది చూడకుండా పోదు మేడమ్."

పెంచల్ అప్పటికే మంచం దగ్గరికి వచ్చాడు. మందు గొట్టం మీద ఉన్న చిన్న చక్రం వైపు చెయ్యి చాచాడు. కరుణాకుమారి వెళ్ళి ఆ చక్రాన్ని తన గుప్పిట్లో పెట్టుకొంది.

"తీ సిస్టరమ్మా చెయ్యి. సంతకం పెడతా అంటుండా గదా!"

"పెట్టన్నా. ఎన్ని కావాలంటే అన్ని పెట్టు. కాగితం అక్కడుంది, పెన్ను అక్కడుంది. ఈ చెయ్యి మాత్రం ఇక్కడే ఉంటుంది."

"సిస్టర్, మీ ఉద్యోగం..." అంది సుప్రియ.

"పోతే పోయింది మేడమ్. ఇంటి దగ్గర కుట్టుమిషన్ ఉంది. మా వీధిలో జాకెట్లు పాడుచేసే టైలర్లే తప్ప కుట్టేవాళ్ళు లేరు."

మూడో మంచం మీది ముసలాయన ఆక్సిజన్ మాస్కులోనే నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పూర్తి కాకముందే మెట్ల మీద అటెండరు ఆండ్రూ గొంతు వినిపించింది. "అవ్వా, పైకి పోగూడదు! అవ్వా, చెప్తుంటే నీకే!"

వచ్చింది నాగులమ్మ.

అరవై ఐదేళ్ళ మనిషి. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడి, తాటిచెట్టులా తిన్నగా ఉంది. మైపాడు నుంచి మొదటి బస్సుకి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకి ఇంకా ఇసుక అంటుకొని ఉంది. చేతిలో నోరు గట్టిగా ముడివేసిన ప్లాస్టిక్ కవరు. పోలీసులు తీసుకుపోతారన్న మనిషి, తనంతట తానే వచ్చి వార్డు మధ్యలో నిలబడింది.

"చూసినారా!" అన్నాడు పెంచల్. "చచ్చినాడో లేదో చూసుకోను వచ్చింది!"

"ఆ పనికైతే ఇంటికాడే కూచొని చావుడప్పు కోసం చెవి పెట్టుకొనుంటా గదరా అబ్బయ్యా," అంది నాగులమ్మ. "కీళ్ళనొప్పుల దాన్ని, ఇంత దూరం నిలబడి బస్సులో వస్తానా?"

"మా నాయనకి ఉమ్మెత్త పెట్టలా నువ్వు? అందరి ముందరా చెప్పు!"

"పెట్టినా."

కరుణాకుమారి గుప్పిట్లో చక్రం చెమటకి జారింది.

"ఎవురు కాదన్నారు?" అంది నాగులమ్మ. "ఎండబెట్టిన ఆకు, చిటికెడంటే చిటికెడు, నిప్పుల మీదేసి పొగ పట్టించినా. ఆరేళ్ళుగా ఆయాసం వచ్చినప్పుడల్లా పట్టిస్తానే ఉండా. నాకు ముందు మా అమ్మ పట్టించేది. పోలీసోళ్ళు అడిగినా ఇదే చెప్తా, కోర్టులో అడిగినా ఇదే చెప్తా. గింజ మాత్రం ఇంతవరకూ ఎవురికీ ఇయ్యలా. గింజ ఏం చేస్తుందో నీ ఫోనుకన్నా నాకు బాగా తెలుసు."

"ఒప్పుకొన్నది! విన్నారు గదా, ఒప్పుకొన్నది! సీరియల్లో కూడా ఇట్టనే, పొగలో కలిపి..."

"సీరియల్లోనా?" నాగులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొంది. "సీరియల్లో విషం తాగినోడు పాలగ్లాసు కింద పడేసి, మెడ పట్టుకొని, వాళ్ళమ్మకి నాలుగు మాటలు చెప్పి, పెళ్ళానికి రెండు మాటలు చెప్పి, అప్పుడు గదా కళ్ళు మూసేది! నిజం విషానికి అంత తీరిక లేదు నాయనా. దిబ్బ మీద నేను చూసినా. నువ్వు టీవీలో చూసినావు."

మాస్కులో ముసలాయన మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వే పెంచల్‌ని కాల్చింది. "ఒక్క సీసా కూడా ఎక్కనీను నేను!" అంటూ చెయ్యి విసిరాడు. మంచం పక్కన బల్ల మీద ట్రే ఎగిరింది. రాత్రి తెప్పించిన పెట్టెలో మిగిలిన అట్రోపిన్ గాజుగొట్టాలు, చిటికెన వేలంత చిన్నవి, పద్దెనిమిదో ఇరవయ్యో, నేల మీద పడి పగిలాయి. సన్నని గాజు చప్పుడు. తర్వాత మందు వాసన.

"అయ్యో!" అంది సుప్రియ.

కరుణాకుమారి కదల్లేదు. కదిలితే చక్రం వదలాలి. నేల వైపు చూసిందంతే. నాగులమ్మ చెప్పులు లేని పాదం ఒకటి ముందుకు జరగడం, ఆమె మెల్లగా వంగి ఏదో ఏరి కొంగులో ముడేసుకోవడం కనిపించింది. కాళ్ళకి గుచ్చుకోకుండా పెంకులు ఏరుతోంది కాబోలు, ఈ గొడవలోనూ ఈమెకి ఆ ఓపిక ఉంది అనుకొంది.

లేచాక నాగులమ్మ గొంతు మారింది. పెంచల్‌ని వదిలేసి తలుపు మూల వైపు తిరిగింది.

"చెంచమ్మా. నీ మొగుడు నా గడప తొక్కేటప్పటికే చొంగ కారుస్తుండాడు. చొక్కా తీసి పిండితే చెంబెడు చెమట. ఆయాసమొచ్చినోడు అట్టా ఉండడని నాకు అప్పుడే తెలిసుండాల్సింది, తెలీలా. పొగ పట్టించినాక కూసింత ఊపిరాడింది. 'ఆటోని పిలు నాగులక్కా' అన్నాడు, అంతే, మళ్ళీ పలకలా. మెడకి చుట్టుకున్న తువ్వాలు నేనే విప్పి పారేసినా."

కవరు ముడి విప్పింది. నీలం అంచు తువ్వాలు, ఇంకా తడి ఆరలేదు.

ముందు వాసన వచ్చింది. కుళ్ళిన ఎల్లుల్లి, దానిమీద కిరసనాయిలు. సుప్రియ చేతిని ముక్కుకి అడ్డం పెట్టుకొని ఒక అడుగు వెనక్కి వేసింది. కరుణాకుమారికి రెండో పీల్పు అక్కర్లేకపోయింది. వరి పొట్టకొచ్చే రోజుల్లో ఈ వాసన మోసుకొని వచ్చిన మనుషుల్ని ఆమె ఎందర్నో స్ట్రెచర్ మీంచి దింపింది.

"మనిషి బతికొస్తే గుడ్డ అడుగుతాడు గదా, ఉతికిద్దామని నిన్న సాయంత్రం తొట్టిలో వేసినా," అంది నాగులమ్మ. "ఆ నీళ్ళు తాగి నా కోళ్ళు రెండు, తెల్లారి చూస్తే నోట్లోంచి చొంగ కారి చచ్చిపడి ఉండాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన కాడ్నించీ ఉమ్మెత్త చెట్ల కిందే తిరిగే కోళ్ళు అవి. ఒక్కటీ ఏనాడూ చావలా. ఈ తువ్వాల్లో ఏముందో నేను చదువుకోలా. చదువుకున్నోళ్ళు మీరు చెప్పండి."

"పొలంలో మందు కొట్టినాడా అమ్మా ఆయన?" కరుణాకుమారి చెంచమ్మని అడిగింది. "తాగినాడా అని అడగడంలా. కొట్టినాడా?"

"అమ్మా!" అన్నాడు పెంచల్.

చెంచమ్మ కొడుకు వైపు చూసింది. మంచం మీది చేతుల వైపు చూసింది. అవి ఇంకా నాట్లు వేస్తూనే ఉన్నాయి, కానీ ఇప్పుడు వరస వంకర పోతోంది.

"దోమ పట్టింది వరికి," అంది చెంచమ్మ. "ఎనిమిది ట్యాంకులు కొట్టినాడు ఆ పొద్దు. ట్యాంకు మూత కారతాది. కొత్తది కొనమంటే వినడు. ఈ తువ్వాలే మూత చుట్టూ బిగించి కట్టినాడు, వీపు మీద కారకుండా. మా కాడ అందురూ అట్నే చేస్తారు. పనయినాక దాన్నే పిండుకొని మెడకేసుకున్నాడు. దుమ్ము పడదు గదా ఆయనకి, ఆటో ఎక్కితే మూతికీ ముక్కుకీ అడ్డం పెట్టుకుంటాడు. మైపాడు దాకా అట్టనే పెట్టుకొని పోయినాడు."

కొడవలూరు నుంచి మైపాడు. ఆ దారంతా, ఊపిరి తీసిన ప్రతిసారీ.

"మరి మూడుసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదు?" అంది సుప్రియ.

"నా కొడుకు వద్దన్నాడు." చెంచమ్మ లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో ఆమె లేచి నిలబడి మాట్లాడటం అదే మొదలు. "ముందురోజు సెంటర్లో, పదిమంది ముందర, తండ్రీ కొడుకులు అరుచుకున్నారు. పొలం రొయ్యల గుంటలకి ఇద్దామని వీడు, నేను చచ్చినాక ఇచ్చుకో అని ఆయన. పురుగుమందు అని బయటికొస్తే, కొడుకు మాటకి మందు తాగినాడంటారు, నేను ఊళ్ళో తలెత్తుకోలేనమ్మా అన్నాడు. వీడి తల కోసం నోరు మూసుకున్నా. ఇంక మూసుకోను. నాగులక్కా, నిన్ను పోలీసులు పట్టుకపోతారన్నా కూడా నోరు తెరవని దాన్ని. నన్ను చెప్పుతో కొట్టు."

"చెప్పులేసుకొని రాలా," అంది నాగులమ్మ. "ముందు నీ మొగుణ్ణి చూసుకో."

సుప్రియ చేతిలో ఫోన్ మోగింది. పెద్ద డాక్టరు పేరు. ఆమె దాన్ని ఒక క్షణం చూసి, బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది. కేస్ షీటు తీసి, కళ్ళ దగ్గర ఖాళీగా ఉన్న చోట పెన్నుతో గట్టిగా రాసింది. తేదీ వేసింది, సంతకం పెట్టింది.

"మందు వేగం పెంచండి సిస్టర్. చేర్చిన రోజు కంటిపాప మీరు చూసిందే రాశాను. సాక్షిగా మీ పేరూ రాశాను."

కరుణాకుమారి గుప్పిట విప్పింది. అరచేతిలో చక్రం పళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి. చుక్కలు వేగంగా దిగడం మొదలైంది. సీసా అడుగున పావు వంతే ఉంది. మహా అయితే ఇరవై నిమిషాలు. ఆండ్రూ అప్పటికే బైకు తాళం తీసుకొని మెట్లు దిగుతున్నాడు. "ఆదివారం మేడమ్, మన కింద మందుల షాపు తొమ్మిదికి గానీ తియ్యరు. ట్రంకు రోడ్డు మీద చూసొస్తా," అన్న మాట కింద నుంచి వినిపించింది.

పెంచల్ గోడకి ఆనుకొని జారి కూర్చున్నాడు. కోపమంతా ఎక్కడికో పోయింది. "నాయన పోతాడనుకోలా సిస్టరమ్మా," అన్నాడు. "రెండు రోజుల్లో లేస్తాడు, ఏ గొడవా ఉండదు అనుకున్నా." తల వంచి పక్కనున్న బేసిన్లో ఉమ్మేశాడు. మళ్ళీ ఉమ్మేశాడు.

అతని మీద కరుణాకుమారికి కోపం రావాల్సింది. రాలేదు. సొంత తప్పుకి భయపడి ఇంకొకరి మెడకి తాడు వేసినవాడు. అయినా నాలుగు రోజులుగా తండ్రి బట్టలు ఉతికి డాబా మీద ఆరేసి, మడతపెట్టి తలగడ కింద పెట్టిందీ వీడే. ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"వద్దు, కడుపులో తిప్పుతుంది."

"తిని ఎన్నాళ్ళయిందో," అంది చెంచమ్మ. "రాత్రి ఇంటికి పోయినోడు, నాలుగింటికే లేచి మిగిలిన ఎకరా కొట్టి నేరుగా ఇక్కడికి వచ్చినాడు."

కరుణాకుమారి చేతిలో గ్లాసు ఆగింది.

"ఏం కొట్టి?"

"మందు. తండ్రి పడుకున్నాడని దోమ ఆగుతుందా?"

"ఏ ట్యాంకుతో?"

"ఇంకో ట్యాంకు యాడుంది మాకు?" అన్నాడు పెంచల్ చిరాగ్గా. ముఖమంతా చెమట. "మూత కారతాదని నాకు తెలీదా? నేనేం తువ్వాలు చుట్టలా. చొక్కా విప్పి బిగించినా. చుక్క కారనిచ్చినానా? పనయినాక చొక్కా పిండి..."

అక్కడ ఆగిపోయాడు.

అతని చెయ్యి మెల్లగా తన సొంత భుజం మీదికి పోయింది. వీపుకి అతుక్కొని ఉన్న చొక్కాని పట్టుకొంది. వార్డులో తువ్వాలు వాసన ఇంకా పోలేదని ఇందాకట్నుంచీ అందరూ అనుకుంటున్నారు. నాగులమ్మ తువ్వాల్ని ఎప్పుడో కవర్లో పెట్టి ముడేసింది.

కరుణాకుమారి జేబులోంచి టార్చి తీసింది. "పైకి చూడు అన్నా."

"నాకేం లేదు..."

"చూడమంటున్నా!"

చూశాడు. నీళ్ళు నిండిన కళ్ళు. ఆ నీళ్ళు ఏడుపువి కావు. వాటి మధ్యలో కంటిపాప, సూదిమొనంత.

"మేడమ్!" అంది కరుణాకుమారి. "వీళ్ళ నాయనకి చూసింది నేనొక్కదాన్నే. ఇది మీరూ చూడండి." అప్పటికే గ్లవ్స్ తొడుక్కొని, కత్తెరతో చొక్కా వెనక నుంచి చీల్చేస్తోంది. "ముట్టుకోవద్దు చెంచమ్మా, నువ్వు దూరం జరుగు! నీళ్ళు, సబ్బు, ఎవరైనా తెండి!"

పెంచల్ ఏదో చెప్పబోయాడు. మాటకి బదులు దగ్గు వచ్చింది. దగ్గు లోపల సన్నగా గుడగుడ వినిపించింది. తండ్రి గుండెల్లో వినిపించిందే.

బల్ల మీద సుప్రియ ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆండ్రూ. "మేడమ్, రెండు షాపులు చూసినా, స్టాకు లేదంటున్నారు. బొల్లినేని ఆసుపత్రి వైపు, అటు పెద్దాసుపత్రి దగ్గరికి పోతుండా. ఇరవై నిమిషాలు పడతది."

సుప్రియ నేల వైపు చూసింది. అంతా గాజు, అంతా తడి.

అప్పుడు నాగులమ్మ ముందుకొచ్చింది. కొంగు ముడి విప్పి అరచెయ్యి చాచింది. నల్లటి, పగుళ్ళు బారిన ఆ అరచేతిలో మూడు చిన్న గాజుగొట్టాలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"దొర్లుకుంటా నా కాలికాడికొచ్చినాయి," అంది. "విషమన్నావు గదా అబ్బయ్యా, ఎవురి కాలికింద పడి పగులుతాయోనని ఏరిపెట్టినా."

మూడు. కొడుక్కి ఇప్పుడే పడాల్సిన మొదటి డోసుకి సరిగ్గా సరిపోతాయి. మిగలవు. కరుణాకుమారి వాటిని అందుకొని మంచం వైపు తిరిగింది. సీసాలో మందు మెడ దాకా దిగిపోయింది. దుప్పటి మీద జయరామయ్య వేళ్ళు నాట్లు వెయ్యడం మానేశాయి, పెదాల పక్కన తడి ఇప్పుడు నురగ కడుతోంది.

చెంచమ్మ మంచానికీ గోడకీ మధ్య నిలబడిపోయింది. ఒకవైపు మొగుడు, ఒకవైపు కొడుకు.

"ముందు ఎవురికమ్మా?" అంది.

గోడ దగ్గర్నుంచి, చొక్కా లేని ఒంటితో వణుకుతూ, పెంచల్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకొద్దు," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "నేనే పగలగొట్టినా. నాయనకి పెట్టండి."

"నోర్ముయ్యి. నిన్నెవరూ అడగలా," అంది కరుణాకుమారి. మొదటి గొట్టం మెడ విరిచి, సిరంజిలోకి లాగింది.